కోటుకు గాలెందుకు?

ఆ పంకా ఆపింది నేనే. ఎవరు ఆపారా అని డిపార్టుమెంటంతా గుసగుసలు పోయింది గానీ, నేరుగా అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేదాన్ని.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. జలాశయాల్లో నీళ్ళు అడుగంటాయనీ, కరెంటు పొదుపుగా వాడాలనీ, మనిషి ఉన్న గదిలోనే దీపమూ పంకా ఉండాలనీ, మనిషి లేని గదిలో రెండూ ఉండరాదనీ విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ పంపింది. మా భూగోళశాస్త్ర శాఖ నోటీసు బోర్డు మీద అంటించిన ఆ కాగితం కింద మా హెడ్డు, ప్రొఫెసర్ రామాంజనేయులుగారు, ఆకుపచ్చ సిరాతో "అందరూ విధిగా పాటించవలెను" అని రాసి సంతకం పెట్టారు.

నేను అక్కడ తాత్కాలిక ట్యూటర్‌ని. పిల్లలకు పటాలు గీయడం నేర్పేదాన్ని. ఉద్యోగం కొత్త, పెళ్ళి ఇంకా కొత్త. అందుకేనేమో, గోడ మీద ఏది రాసి ఉన్నా నాకోసమే రాశారనిపించేది.

"గోడ మీద రాసిందంతా నమ్మేదానివి ఈ ఊర్లో నువ్వొక్కదానివే భాగ్యా," అని మా ఆయన నవ్వేవాడు.

మా ఆయన ఓబులేసు తార్నాకలోనే ఒక పరిశోధనాలయంలో స్కాలరు. ఏ బొగ్గు ఎంత వేడినిస్తుందో కొలవడం ఆయన పని. పగలంతా బొగ్గు మండించి, సాయంత్రం ఇంటికొచ్చి నా పొయ్యి ఆర్పేవాడు. మేమున్నది రాములవ్వ ఇంటి మేడ మీద రెండు గదుల్లో. కింద ఆమె, ఆమె రెండు బర్రెలు. నాకు పెళ్ళిలో ఇచ్చిన రేకు ట్రంకుపెట్టెలో చీరలు తీసేసి, రాములవ్వ దగ్గర వరిగడ్డి అడిగి తెచ్చి, ఆయన దాని నిండా కూరాడు. నడుమ గిన్నె పట్టేంత గూడు. అన్నం బాగా పొంగు రాగానే దించి, మూతపెట్టి, పాత దుప్పటి చుట్టి ఆ గూట్లో కూర్చోబెట్టి పెట్టె మూసేస్తే, ఇక పొయ్యితో పని లేదు. తన వేడికి తానే ఉడికిపోతుంది. మొదటిసారి నేను ఆగలేక మాటిమాటికీ మూత తీసి చూశాను. వేడంతా పోయి, ఆ పూట ఇద్దరం పలుకు పలుకు నమిలి నమిలి తిన్నాం. "పరిశోధనలో ఓపిక ముఖ్యం," అని ఆయన ఒక్కో మెతుకూ దవడ కింద పెట్టుకుంటూ చెప్పాడు. ఇక ఆ మరుసటి రోజు నుంచి, పెట్టె మూయగానే నన్ను చెయ్యి పట్టుకుని క్యాంపస్ వైపు షికారుకు లాక్కుపోయేవాడు. మేం తిరిగొచ్చేసరికి అన్నం మల్లెమొగ్గల్లా ఉండేది.

రాములవ్వ ఒకరోజు మెట్లెక్కి వచ్చి ఆ పెట్టె చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏం పిల్లా, పెట్టెల చీరెలు వెట్టుకుంటరు గని బువ్వ వెడ్తరా? మీ అనంతపురంల గిట్లనే చేస్తరా?"

"లేదవ్వా. మా తార్నాకలో ఇట్లా చేస్తారు."

"మీ తార్నాకనా! నేను పుట్టిందే ఈడ, నేనెన్నడు సూడలే!"

రెండు గదుల మధ్య గుమ్మం పైన గోడలో ఒక కన్నం ఉంది. గాజు పలక ఎప్పుడో ఊడిపోయింది. ఆయన దీపం తీగ అక్కడికి లాగి, ఒకే బల్బు ఆ కన్నంలో వేలాడగట్టాడు. ఇటు వంటగదిలో నా కత్తిపీట మీదా, అటు ముందు గదిలో ఆయన పుస్తకం మీదా ఒకే వెలుతురు పడేది. చలికాలమంతా మసి పూసిన బిందెలో నీళ్ళు డాబా మీద ఎండకు పెట్టి, సాయంత్రం గోరువెచ్చగా పోసుకున్నాం. ఎండ వాసన వస్తోందని నేనూ, మసి వాసన అని ఆయనా వాదించుకునేవాళ్ళం. ఇదేదో త్యాగమని మాకెప్పుడూ అనిపించలేదు. బొమ్మరిల్లు కట్టుకున్నంత సరదా.

ఇక ఆ పంకా సంగతి.

మా శాఖ ఉన్నది రాతి భవనం. హెడ్డుగారి గది దాటుకుంటూనే నేను తరగతికి వెళ్ళాలి. తలుపు ఎప్పుడూ సగం తెరిచి ఉండేది. దీపం వెలుగుతూ, పంకా తిరుగుతూ, కుర్చీ వీపుకు బూడిదరంగు కోటు తగిలించి, బల్ల మీద గ్లాసులో నీళ్ళు పోసి సాసరు బోర్లించి ఉండేది. మనిషి మాత్రం ఉండడు. సర్క్యులర్ వచ్చాక ఒక ఉదయం అటు వెళుతూ, పాపం మరిచిపోయారు కాబోలనుకుని లోపలికెళ్ళి రెండు స్విచ్చులూ ఆపేశాను. వరండా చివరి నుంచి అటెండరు బిక్షపతి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ! గదేం పని? పంకా బంద్ చేసిన్రా?"

"లోపల ఎవరూ లేరు కదా బిక్షపతీ. ఎవరో మరిచిపోయారు."

"మర్చిపోవుడేంది? నేనే ఏసిన. పొద్దుగాల రాంగనే కోటు కుర్చీకి తగిలియ్యాలె, లైటు ఎయ్యాలె, పంకా ఎయ్యాలె, గిలాసల నీళ్ళు పొయ్యాలె. గప్పుడు సార్ ఉన్నట్టు."

"మరి సార్ ఎక్కడున్నారు?"

"గీడనే ఉన్నరు."

"ఇక్కడంటే?"

"విద్యానగర్ల." గొంతు తగ్గించాడు. "ఇల్లు కడ్తున్నరు గద. సార్ ఎదురుంగ నిలవడకుంటె మేస్త్రి ఇసుక ఎక్వ కలుపుతడంట."

నాకు నవ్వాగలేదు. "అంతవరకు ఈ కోటుకు గాలెందుకు?"

"కోటుకు కాదమ్మా, సూసెటోళ్ళకు," అని అతను జాగ్రత్తగా స్విచ్చి వేసి వెళ్ళాడు. కోటు చేతులు మళ్ళీ మెల్లగా ఊగసాగాయి.

మర్నాడు నేను ఆపాను. అతను వేశాడు. మధ్యాహ్నం నేను ఆపాను. "అమ్మా, నా నౌకరి తీస్తరా ఏంది?" అని మొత్తుకుంటూ అతను వేశాడు. ఎవరైనా అడిగితే నా పేరే చెప్పమన్నాను. మంచివాడు, చాలా రోజులు చెప్పలేదు.

ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే పటాల రికార్డు మీద హెడ్డు సంతకం ఉండాలి. ఒకరోజు తరగతి ముగించుకుని వస్తుంటే, ఆ గది ముందు వరండాలో పిల్లలు గోడవారగా బారులు తీరి కూర్చున్నారు. ఒళ్ళో రికార్డులు. వాళ్ళలో సారలమ్మ కూడా ఉంది. జనగామ అవతలి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల, నా తరగతిలో గీత వంకరపోకుండా నదులు గీసేది తనే.

"ఎప్పటి నుంచి కూర్చున్నారమ్మా?"

"నిన్న పొద్దటి సంది, మేడం. ఇయ్యాల దస్కత్ కాకుంటె రేపు పరీక్షకు రానియ్యరంట."

"సార్ వస్తారని ఎవరు చెప్పారు?"

సారలమ్మ నా వంక వింతగా చూసింది. "లోపల పంకా తిర్గుతున్నది గద మేడం."

నాకు ఒళ్ళు మండింది. అంతదాకా ఖాళీ గదిలో కరెంటు దండుగ అవుతోందనే అనుకున్నాను. ఆ రెక్కలు పిల్లల రోజుల్ని కూడా అరగదీస్తున్నాయని అప్పుడు తెలిసింది. లోపలికెళ్ళి పంకా ఆపాను, దీపం ఆపాను, తలుపు బార్లా తెరిచాను.

"చూడండి. కోటు తప్ప ఎవరూ లేరు. సార్ విద్యానగర్‌లో ఇల్లు కట్టిస్తున్నారు. అక్కడికే వెళ్ళి సంతకాలు పెట్టించుకోండి. అడ్రసు బిక్షపతి చెబుతాడు."

"నేనెందుకు చెప్త?" బిక్షపతి రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను చెప్పనే చెప్ప. నల్లకుంట దిక్కు పొయ్యే మూల మీద గుట్టలెక్క ఇసుక పోసి ఉంటది, పక్కకు ఆకుపచ్చ గేటు. గది నేను చెప్పినన్నరంటే ఊకోను."

పిల్లలందరూ లేచి ఊరేగింపులా వెళ్ళారు. సాయంత్రం సారలమ్మ మొహం వెలిగిపోతూ వచ్చింది.

"సార్ ఇటికెల మీద కూసుండి దస్కత్‌లు వెట్టిండు మేడం! మేస్త్రి గొడుగు వట్టిండు. నా గోదావరి మీద సిమెంటు వడ్డది, అయినా ఏం కాలే."

ఆ రోజు నుంచి పిల్లలకు ఒక పద్ధతి అలవాటైంది. ఆ గదిలో పంకా ఆగి ఉంటే విద్యానగర్ దారి పట్టేవాళ్ళు. తిరుగుతుంటే తొంగి చూసి, కోటు ఒక్కటే ఉంటే వాళ్ళే ఆపేసి మరీ వెళ్ళేవాళ్ళు. హెడ్డుగారి ఇటుకల దగ్గర రోజూ ఒక గుంపు. కబురు పైదాకా పోయింది. ఎవరో పైవాళ్ళు, "ఏమండీ, మీ శాఖ విద్యానగర్‌కు మారిందటగా," అని ఆయన్ని ఎగతాళి చేశారట.

నన్ను పిలిపించారు. ఆ పూట పంకా న్యాయంగానే తిరుగుతోంది. కింద మనిషి ఉన్నాడు.

"ఏమ్మా భాగ్యలక్ష్మీ, కూర్చో," అన్నారు రామాంజనేయులుగారు. ఆయనదీ అనంతపురమే. మా నాన్నకు తెలిసినవాడు. "మన పక్క పిల్లవి, చదువుకొన్నావని తీసుకొంటి. నా గదిలో స్విచ్చితో నీకేం పని?"

"సర్క్యులర్ సార్. మీరే సంతకం పెట్టినారు."

"సర్క్యులరు బోర్డు మీద పెట్టేదానికమ్మా! ప్రతిదీ పాటిస్తా కూర్చుంటే డిపార్టుమెంటు నడుస్తాదా? ఒక్క పంకా ఆపితే డ్యాములు నిండుతాయా?"

"ఒక్క పంకా కోసమే అయితే మీరు ఆకుపచ్చ సిరా ఎందుకు సార్ ఖర్చు పెట్టినారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు గ్లాసు మీద సాసరు అటూ ఇటూ తిప్పారు.

"సోమవారం స్టాఫ్ మీటింగు ఉండాది. అందరి ముందర 'నాది పొరపాటు, ఇకమీద సార్ గది జోలికి పోను' అని ఒక్క మాట చెప్పు. వచ్చే ఏటికి నీ పేరు పైకి రాస్తా. చెప్పలేదనుకో, ఈ ఏప్రిల్‌తో సరి. మీ నాయనకు నేనేం జవాబు చెప్పుకోవాలో చెప్పుకొంటాలే."

నా ఉద్యోగం ఒక్కటే పోతే ఇంత బాధ ఉండేది కాదు. దాంతోపాటు తార్నాక పోతుంది. మా ఆయనకొచ్చే స్కాలర్‌షిప్పుతో రెండు గదుల అద్దె మోయలేం. ఆయన పరిశోధన అయ్యేదాకా నేను కడపలో అత్తగారింట్లో ఉండాలనీ, ఆయన హాస్టల్లో ఉండాలనీ పెద్దవాళ్ళు పెళ్ళిరోజే అనుకున్నారు. నాకు ఉద్యోగం దొరికింది కాబట్టే మమ్మల్ని ఒకచోట ఉండనిచ్చారు. అంటే ఆ ఒక్క మాట మీదే మా ట్రంకుపెట్టె, మా బల్బు, మా షికార్లు అన్నీ వేలాడుతున్నాయి.

ఆ సాయంత్రం పెట్టెలో అన్నం పెట్టి నడవడానికి వెళ్ళాం. జరిగింది చెప్పాను. మా ఆయన చాలాసేపు కాళ్ళతో కంకరరాళ్ళు తంతూ నడిచాడు.

"ఒక్క మాట చెప్పేస్తే పోలా?" అన్నాడు చివరికి.

"ఏ మాట?"

"పొరపాటని."

"పొరపాటేనా?"

"కాదు."

"మరి చెప్పమంటారే!"

"చెప్పమనలేదు, అడిగి చూసినా." నవ్వాడు. "నువ్వు అట్లా చెప్పి వచ్చినావనుకో, రేపు నేను దీపం ఆర్పడం మర్చిపోతే నన్ను ఏ మొహం పెట్టుకొని తిడతావు?"

"ఈ మొహమే పెట్టుకుని తిడతా. కానీ నాకే సిగ్గుగా ఉంటుంది." కొంగు వేలికి చుట్టుకున్నాను. "కడప పోవాల్సి వస్తుంది. మీరు హాస్టల్లో ఉంటారు. అక్కడ అన్నం ఎట్లా ఉంటుందో."

"పలుకు పలుకుగా ఉంటాది," అన్నాడు ఆయన. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది, నాకు ఏడుపు కూడా కలిసి వచ్చింది.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, వంటగదిలో కూర్చుని తింటున్నాం. ఆయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"భాగ్యా, ముందు గదిలో ఇప్పుడు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి దానికి వెలుతురెందుకు?"

తలెత్తి చూశాను. కన్నంలోని బల్బు అటు ఖాళీ గదిలో కుర్చీ మీదా, బల్ల మీదా వెలుతురు పోస్తోంది. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఎప్పుడూ ఒకే గదిలో ఉన్నాం. నేను తరుగుతుంటే ఆయన పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి జరిగేవాడు. ఆయన రాసుకుంటుంటే నేను చేట తీసుకుని అటు పోయేదాన్ని. రెండో గది మాకు హెడ్డుగారి గది లాంటిదే. ఉందని చూపించుకోవడానికే ఉంది.

ఎంగిలిచేతితోనే మెట్లు దిగి పరుగెత్తాను.

"అవ్వా, ముందు గది ఒక్కటీ వేరే ఎవరికైనా ఇచ్చుకుంటావా? మాకు వెనక గది చాలు."

రాములవ్వ బర్రెకు కుడితి పెడుతూ వెనక్కి తిరిగింది. "ఒక్క గదిల ఇద్దరుంటరా?"

"ఇప్పుడూ ఒక్క గదిలోనే ఉంటున్నాం అవ్వా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది. "కొత్త పెండ్లోళ్ళు గద, గట్లనే ఉంటరు! ముందల గదికి మా తమ్ముని కొడుకును తెచ్చుకుంట. మీరు సగం కిరాయి ఇయ్యుండ్రి. గని ఒక్క మాట. నాకు గా బువ్వ పెట్టె కట్టియ్యాలె. నా పొయ్యి కట్టెలన్ని మింగుతున్నది."

వెనక్కి మెట్లెక్కుతుంటే నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ఒక్క గది, ఒక్క దీపం, గడ్డి నింపిన ఒక పెట్టె. ఇంత కొంచెంతో సరిపోయేవాళ్ళని ఎవరు మాత్రం ఏం పెట్టి బెదిరిస్తారు?

సోమవారం మీటింగులో అందరూ వచ్చి కూర్చున్నారు. హెడ్డుగారు గొంతు సవరించుకుని, భాగ్యలక్ష్మి ఒక మాట చెప్పాలనుకుంటోందన్నారు. లేచి నిలబడ్డాను.

"పొరపాటు జరిగిన మాట నిజమే సార్. సర్క్యులర్ వచ్చినరోజే ఆపాల్సింది, నేను కొన్నాళ్ళు ఊరికే చూస్తూ పోయాను."

ఎవరో దగ్గారు. ఎవరో ఆ దగ్గులో నవ్వు దాచుకున్నారు.

"అంటే?" అన్నారు హెడ్డుగారు.

"అంటే, మీరు లేనప్పుడు రేపు కూడా ఆపుతాను."

నా పేరు పైకి వెళ్ళలేదు. మా నాన్న దగ్గర్నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. కడప నుంచి ఇంకా పెద్దది వచ్చింది. రెండింటికీ కలిపి ఒకే కార్డు రాశాం, మేం తార్నాకలోనే ఉంటామని, వస్తే పెట్టెలో వండిన అన్నం పెడతామని. తార్నాకలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు చదువు చెప్పడానికి ఒప్పుకున్నాను, డాబా మీద, సాయంకాలపు వెలుతురులో.

ఏప్రిల్‌లో నా చివరి పనిరోజు. రాళ్ళు కూడా చెమటపట్టేంత ఎండ. భవనం ముందు చెట్టు కింద సారలమ్మా, ఇంకొందరు పిల్లలూ చతికిలపడి ఉన్నారు. మొహాలు కందిపోయి ఉన్నాయి.

"ఏమైంది?"

"హాల్‌టికెట్ల మీద సార్ దస్కత్ గావాలె మేడం. పంకా బంద్ ఉన్నదని విద్యానగర్ పోయినం. ఆడ మేస్త్రి, సార్ కాలేజీకి పోయిండన్నడు. మల్ల ఒచ్చినం. ఈడ ఇంకా బందే ఉన్నది. నిన్న గూడ గిట్లనే అయ్యింది."

వరండాలోకి వెళ్ళాను. నిజమే, హెడ్డుగారి గదిలో పంకా లేదు, దీపం లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందు స్టూలు మీద బిక్షపతి కూర్చున్నాడు. నన్ను చూడగానే చెయ్యి ఊపాడు.

"పోండ్రమ్మా, సార్ లేడు. సూడండ్రి, పంకా బంద్ చేసిన. సర్క్యులర్."

"భలే బిక్షపతీ!" అని నేను మురిసిపోతుండగానే లోపల ఎవరో దగ్గారు.

బిక్షపతి కళ్ళు మూసుకున్నాడు. నేను తలుపు తోశాను.

చీకట్లో రామాంజనేయులుగారు కూర్చుని ఉన్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. బల్ల మీద ఇంటి ప్లాను పరుచుకుని, ఎవరిదో రికార్డు పుస్తకంతో విసురుకుంటున్నారు. కుర్చీ వీపుకు కోటు అట్లాగే ఉంది.

"తలుపు వెయ్యమ్మా," అన్నారు గుసగుసగా. "పంకా తిరిగిందంటే పిల్లోళ్ళు మీద పడతారు. లేదంటే విద్యానగర్ పోతారు. మేడ మీది గదులు ఎట్లా వెయ్యాలో చూసుకొంటాండా. ఒక్క పూటన్నా నెమ్మదిగా ఉండనీండి."

ఆ ఎండలో రెండు రోజులుగా విద్యానగర్‌కూ ఇక్కడికీ తిరిగిన మొహాలు నా కళ్ళముందే ఉన్నాయి. నాకు ఇక పోవడానికి ఉద్యోగం కూడా లేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేశాను. దీపం కూడా వేశాను.

పంకా మూలుగుతూ తిరగడం మొదలెట్టింది. ఇంటి ప్లాను ఎగిరి మేడ మీది గదులన్నీ నేలమీద పడ్డాయి.

"ఏం చేస్తాండావు?" అని ఆయన ప్లాను కోసం వంగారు.

"మనిషి ఉన్న గదిలో పంకా తిరగాలి సార్. సర్క్యులర్‌లో అదీ ఉంది."

బయట చెట్టు కింద నుంచి సారలమ్మ గొంతు ఖంగున మోగింది. "సార్ ఉన్నడు! పంకా తిర్గుతున్నది! రాండ్రి!" వరండాలో చెప్పుల చప్పుడు వానలా వచ్చింది. బిక్షపతి స్టూలు తీసుకుని పక్కకు జరిగి, "నేను ఏయలే సార్, నేను ఏయలే," అంటూనే తలుపు రెండో రెక్క కూడా తెరిచాడు.

నేను ఆ గుంపుకు ఎదురునడిచి బయటపడ్డాను. గేటు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. చివరిరోజు కదా, నేను ఏడుస్తానని చెప్పకుండా వచ్చాడట. నేను పగలబడి నవ్వుతుంటే తెల్లబోయాడు. దారిపొడుగునా చెబుతూనే ఉన్నాను. తార్నాక వచ్చేసరికి ఆయన కూడా నడిరోడ్డు మీద పొట్ట పట్టుకున్నాడు.

మెట్ల కింద రాములవ్వ తన కొత్త బువ్వ పెట్టె మీద రోకలి అడ్డం పెట్టి కాపలా కూర్చుంది. "మూత తియ్యొద్దన్నవు గద, చెయ్యి ఊకుంటలేదు పిల్లా," అంది. మేం మా గదిలోకి వెళ్ళి మా పెట్టె తెరిచాం. పొద్దున్నే పెట్టి వెళ్ళిన అన్నం. దుప్పటి మడతలు విప్పగానే ఇంకా వెచ్చటి ఆవిరి ఇద్దరి మొహాలకూ కొట్టింది.